ఎక్కిరింత లేని బడి - గురువులకూ కావాలి శిక్షణ

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు చదువుకు సంబంధించిన వ్యాసం ఒకటి రాసివ్వమని వార్డెన్ గారు కబురు పెట్టినప్పుడు, పోటీ పరీక్షల మీదో, ఇంగ్లీషు నేర్చుకునే పద్ధతుల మీదో రాద్దామనుకున్నాం. కాని అవి మాకన్నా బాగా రాయగలిగిన అన్నలూ అక్కలూ మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. ఎం.ఏ. సైకాలజీలో ఈ రెండేళ్ళూ మేము ఎక్కువగా చదివింది, బడిలో పిల్లలు పిల్లల్ని ఏడిపించడం గురించి, దాన్ని ఆపడానికి ఉపాధ్యాయులకు ఇవ్వవలసిన శిక్షణ గురించి. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కినవాళ్ళం మేమే మొదలు. ఆ గడప దాకా రాకుండా ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయినవాడు మా బ్యాచ్‌లో ఒకడున్నాడు. వాడి సంగతితోనే మొదలుపెడతాం.

వాడి పేరు ఇక్కడ రాయం. ఆ రోజుల్లో శనివారం రాత్రి మెస్సులో పెట్టిన గుడ్డును వాడు తినకుండా జేబులో వేసుకుని, తెచ్చి ట్రంకు పెట్టెలో దాచేవాడు. ఆదివారం పొద్దున వాళ్ళమ్మ చిన్న చెల్లెల్ని చంకనేసుకుని నాలుగు కిలోమీటర్లు నడిచి వాణ్ణి చూడటానికి వచ్చేది. ఆ గుడ్డు ఆ పిల్లకి. వాడి పక్క చాప మీద పడుకునే మాకు ఈ సంగతి తెలుసు. మిగతావాళ్ళకి తెలియదు. ఒకరోజు పెట్టె తీస్తుంటే గుడ్డు దొర్లి కిందపడింది. ఎవరో "గుడ్డోడు" అన్నారు. గుడ్డు దాచుకునేవాడు అనీ అర్థం వస్తుంది, కళ్ళు కనపడనివాడు అనీ అర్థం వస్తుంది. రెండర్థాల పేరు కాబట్టి అందరికీ మహా సరదా. క్రికెట్లో బంతి వదిలేస్తే గుడ్డోడు, లెక్క తప్పితే గుడ్డోడు, ఊరికే నిలబడినా గుడ్డోడు.

హాస్టల్లో ఉన్నంతకాలం వాడు కూడా తిరిగి ఏదో ఒకటి అనేవాడు. ఒకనాడు బడిలో ఒక మాస్టారు హాజరు పిలుస్తున్నారు. వాడు పలకటం కాస్త ఆలస్యమైంది. "ఏరా గుడ్డోడా, చెవులు కూడా పోయాయా?" అన్నారు మాస్టారు. క్లాసంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఆ మాస్టారు చెడ్డవారు కాదు. నోటు పుస్తకాలు కొనుక్కోలేని పిల్లలకి తన జీతంలోంచి కొనిచ్చినవారు. ఆ పేరు ఆయన చెవిన ఎలా పడిందో మాకు తెలియదు గాని, ఆ రోజు నుంచి హాస్టల్‌తో సంబంధంలేని ఊరి పిల్లలు కూడా వాణ్ణి అదే పేరుతో పిలిచారు. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. అవి మిరప కోతల రోజులు. రిజిస్టర్లో "తల్లిదండ్రులతో వలస" అని రాసుకున్నారు. వాళ్ళమ్మానాన్నా కోతలకు వలస వెళ్ళిన మాట నిజమే. అంతకుముందు రెండేళ్ళు కూడా వాళ్ళు వెళ్ళారు, ఆ రెండేళ్ళూ వీడు హాస్టల్లోనే ఉన్నాడు.

ఈ పనికి మన భాషలో మాటలకు కొదవ లేదు. ఎక్కిరించడం, గేలిచేయడం, ఆటపట్టించడం, ఏడిపించడం. పట్టుబడ్డప్పుడు పిల్లలు చెప్పే జవాబు ఏ బడిలోనైనా ఒకటే: "ఊరికే ఏడిపిస్తున్నాం సార్." ఎదుటివాడి ఏడుపు ఆ మాటలోనే ఉంది. దానికి ముందు "ఊరికే" అని తగిలిస్తే చాలు, పెద్దవాళ్ళు వదిలేస్తారు. ఇంగ్లీషులో దీన్ని బుల్లీయింగ్ అంటారు. స్వీడన్‌లో పుట్టి నార్వేలో స్థిరపడిన డాన్ ఓల్వేయస్ (1931-2020) అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల నుంచి దీన్ని పరిశోధించి మూడు గుర్తులు చెప్పాడు. బాధపెట్టాలనే ఉద్దేశంతో చేయడం ఒకటి, అది మళ్ళీ మళ్ళీ జరగడం రెండోది. మూడోది ముఖ్యమైనది: ఏడిపించేవాడికీ ఏడ్చేవాడికీ మధ్య బలంలో తేడా ఉండటం. ఆ బలం కండబలమే కానక్కరలేదు. మన దగ్గర అది కులం కావచ్చు, ఇంటి డబ్బు కావచ్చు, వయసు కావచ్చు, ఇరవై మంది ఒకవైపు ఒక్కడు ఒకవైపు ఉండటం కావచ్చు. సమానులైన ఇద్దరు స్నేహితులు ఒకరినొకరు వెక్కిరించుకుని నవ్వుకుంటే అది ఆటపట్టించడం. ఒకడే ఎప్పుడూ వెక్కిరింపబడి, తిరిగి అనే వీలు లేకపోతే అది వేరు.

1982 చివర్లో నార్వేలో ముగ్గురు పిల్లలు ఇలాంటి వేధింపులవల్లనే ఆత్మహత్య చేసుకున్నారని వార్త రావడంతో ఆ దేశం ఉలిక్కిపడింది. 1983లో దేశమంతటా ఒక ఉద్యమంలాగా కార్యక్రమం మొదలైంది. బెర్గెన్ నగరంలో 42 బడులు, సుమారు 2,500 మంది పిల్లల మధ్య ఓల్వేయస్ తన పద్ధతిని పరీక్షించాడు. అందులో పెద్ద విద్యలేమీ లేవు. ముందు పిల్లల చేత పేరు రాయకుండా ప్రశ్నపత్రం నింపించడం, ఆట విరామంలో ఉపాధ్యాయులు స్టాఫ్ రూములో కూర్చోకుండా బయట తిరగడం, వారానికొకసారి తరగతి సమావేశం పెట్టడం, తల్లిదండ్రులతో మాట్లాడటం. తరగతికి కొద్ది నియమాలు మాత్రమే ఉంటాయి. మనం ఎవరినీ ఏడిపించం, ఏడుస్తున్నవారికి సాయపడతాం, ఒంటరిగా మిగిలినవారిని కలుపుకుంటాం, తెలిస్తే పెద్దలకు చెబుతాం. రెండేళ్ళలో వేధింపులు సగానికో అంతకన్నా ఎక్కువో తగ్గాయి. అయితే ఇతర దేశాల్లో అంతటి ఫలితం రాలేదని కూడా చెప్పుకోవాలి. 2009లో డేవిడ్ ఫారింగ్టన్, మారియా టోఫీ అనే పరిశోధకులు అనేక దేశాల కార్యక్రమాలను కలిపి లెక్కగట్టారు. వేధించడం సగటున 20 నుంచి 23 శాతం తగ్గినట్లు తేలింది. ఉపాధ్యాయుల శిక్షణ ఎక్కువ కాలం, గట్టిగా జరిగినచోట, ఆటస్థలంలో పెద్దల కన్ను ఉన్నచోట ఫలితం ఎక్కువగా కనిపించింది. గోడ మీద నినాదం రాసి ఫోటో తీసుకున్నంత మాత్రాన పని జరగదన్నమాట.

ఏడిపించేది పిల్లలైతే శిక్షణ ఉపాధ్యాయులకెందుకని ఎవరైనా అడగవచ్చు. బాబాసాహెబ్ అంబేడ్కర్ సతారాలో చదివేటప్పుడు ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా ఒక మూల కూర్చునేవారు. సాయంత్రం ఆ పట్టాను మళ్ళీ ఇంటికి మోసుకుపోవాలి. దాహమైతే కుళాయిని తాను ముట్టుకోకూడదు, ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను లేని రోజు నీళ్ళు లేవు. ఈ గోనెపట్టాను కనిపెట్టింది పక్క బెంచీ పిల్లలు కాదు. అది పెద్దల ఏర్పాటు. పిల్లలు దాన్ని రోజూ చూశారు, తరగతిలో ఎవరి చోటు ఏదో నేర్చుకున్నారు.

1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, అమెరికాలోని అయోవా రాష్ట్రం రైస్‌విల్ అనే చిన్న ఊళ్ళో జేన్ ఎలియట్ అనే టీచరు తన మూడో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. కళ్ళ రంగును బట్టి పిల్లల్ని రెండుగా విడదీసి, ఒక రంగువాళ్ళు తెలివైనవాళ్ళని చెప్పి వాళ్ళకి ఎక్కువ ఆట సమయం ఇచ్చింది. కొద్ది గంటల్లోనే ఆ పిల్లలు రెండోవాళ్ళని హీనంగా చూడటం మొదలుపెట్టారు. తర్వాత పాత్రలు తారుమారు చేస్తే వాళ్ళూ అంతే చేశారు. పసిపిల్లల మీద ఇలాంటి ప్రయోగం ఈనాడు ఎవరూ చేయకూడదు, ఆనాడు కూడా విమర్శలొచ్చాయి. కాని టీచరు నోటి మాట తరగతిని ఎంత త్వరగా రెండుగా చీలుస్తుందో తెలియడానికి మేము చదివినవాటిలో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

మన బడుల్లో కళ్ళ రంగు అవసరం లేదు. "స్కాలర్‌షిప్ పిల్లలు లేచి నిలబడండి" అంటే చాలు. ఏటా ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు అడిగే రోజుల్లో మేము అలా ఎన్నిసార్లు నిలబడ్డామో లెక్కలేదు. "ఈ హాస్టలోళ్ళంతా ఇంతేనయ్యా" అన్న మాట కూడా విన్నాం. అన్నవారికి అది అలసటలో వచ్చిన మాట. ఒక్కో మాస్టారి నెత్తిన రికార్డులు, మధ్యాహ్న భోజనం లెక్కలు, సెల్‌ఫోన్ యాప్‌లలో ఫోటోలు ఎక్కించే పని ఉన్నాయని మాకు తెలుసు. అయినా ఆ పత్రాలను ఆఫీసు గదిలో రిజిస్టరు చూసి ఒక్కొక్కరినీ విడిగా పిలిచి తీసుకోవచ్చు. దానికి అయ్యే ఖర్చు పది నిమిషాలు.

చట్టం మాట క్లుప్తంగా చెబుతాం. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టంలో సెక్షన్ 17 పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధిస్తుంది. బలహీన వర్గాల పిల్లల పట్ల వివక్ష లేకుండా చూడవలసిన బాధ్యతను సెక్షన్ 8, 9 ప్రభుత్వం మీద, స్థానిక సంస్థల మీద పెట్టాయి. మన ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. శిక్షణ విషయానికొస్తే, రెండేళ్ళ బి.ఇడి.లో సమ్మిళిత బడి గురించి ఒక సగం పేపరు పెట్టారు. 2019 ఆగస్టులో కేంద్రం సుమారు 42 లక్షల మంది ఉపాధ్యాయుల కోసం మొదలుపెట్టిన నిష్ఠా శిక్షణలో సురక్షితమైన బడి వాతావరణం మీద కూడా పాఠం ఉంది. కాగితం మీద లోటేమీ లేదు. సగం పేపరులో పది మార్కుల ప్రశ్నకు నిర్వచనాలు బట్టీపట్టి రాసినవారు, రేపు కుళాయి దగ్గర నలుగురు పిల్లలు ఒకణ్ణి చుట్టుముడితే ఏం చేస్తారన్నదే ప్రశ్న.

పోయినేడు మా డిపార్ట్‌మెంట్ తరఫున ఒక బి.ఇడి. కళాశాలలో జరిగిన ఒకరోజు శిక్షణకు మేము సహాయకులుగా వెళ్ళాం. ఆ రోజు చూసినది ఈ వ్యాసంలో అన్నిటికన్నా ఎక్కువగా చెప్పదలచుకున్నాం.

మొదట అందరికీ తలా ఒక తెల్లకాగితం ఇచ్చారు. బడిలో మిమ్మల్ని ఎక్కిరించిన పేరు రాయండి, సంతకం వద్దు అన్నారు. నిమిషంలో కాగితాలు నిండాయి. సోడాబుడ్డి, బోండాం, నల్లబల్బు, నత్తి, కులం పేరుకు తోక తగిలించినవి కొన్ని. కాగితం తిప్పి, మీరు ఇతరులకు పెట్టిన పేర్లు రాయండి అన్నారు. గది నిశ్శబ్దమైపోయింది. చాలామంది పెన్నులు పైకెత్తి ఆలోచిస్తూ ఉండిపోయారు. తమను అన్నది పదిహేనేళ్ళయినా గుర్తుంది, తాము అన్నది గుర్తులేదు. మా కాగితం వెనుక వైపు మేము ఒక్కటే పేరు రాశాం. మూడో ప్రశ్నగా, ఆ పేరును పదిమందిలో పైకి పలికిన పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. చేతులెత్తినవారు తక్కువేమీ కాదు. ఒక అక్క, ముప్ఫై ఏళ్ళుంటాయి, తన పేరు చదివిన మాస్టారి సబ్జెక్టులోనే తాను ఫెయిలయ్యానని చెప్పి కూర్చుంది. ఇంకేమీ చెప్పలేదు.

తర్వాత ఒక హాజరు పట్టీ ఇచ్చి చదవమన్నారు. ఇది వినడానికి చిన్నపనిలా ఉంటుంది. తండా నుంచి వచ్చిన పిల్లల పేర్లు, ముస్లిం పిల్లల పేర్లు వచ్చేసరికి కాబోయే మాస్టార్లు తడబడ్డారు, కొన్ని సగానికి విరిచారు, ఒకటి చదివి నవ్వారు. పేరు పలకడం రాకపోతే పిల్లవాణ్ణే దగ్గరకు పిలిచి అడిగి, రిజిస్టర్లో పక్కన రాసుకుని, మర్నాటికి సరిగ్గా పలకాలన్నది అక్కడ నేర్పిన పాఠం. యాసను ఎక్కిరించడం కూడా ఇక్కడే వస్తుంది. కోయ, లంబాడీ, ఉర్దూ మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు తెలుగు పుస్తకం పైకి చదివేటప్పుడు తప్పు పోతే, ముందు నవ్వేది ఎవరో వాళ్ళు గమనిస్తూనే ఉంటారు.

మూడోది నాటకం. కుళాయి దగ్గర ముగ్గురు ఒకణ్ణి నీళ్ళు పట్టుకోనీయరు, చుట్టూ అయిదారుగురు చూస్తుంటారు, మాస్టారు అటుగా వస్తారు. మాస్టారి పాత్ర వేసిన వారిలో ఎక్కువమంది గట్టిగా అరిచి, ఇద్దరి చేతా "సారీ" చెప్పించి, చేతులు కలిపించారు. మనందరికీ తెలిసిన పద్ధతే. అప్పుడు ఏడిపించబడ్డ పాత్ర వేసిన తమ్ముణ్ణి, ఇప్పుడెలా ఉంది అని అడిగారు. "ఇందాకటికన్నా భయంగా ఉంది. సాయంత్రం బడి వదిలాక వీళ్ళు నన్ను పట్టుకుంటారు" అన్నాడు. నాటకమని తెలిసినా అతని గొంతు మారింది.

ఇద్దరు సమానులు తగవు పడితే రాజీ చేయవచ్చు. బలం ఒకవైపే ఉన్నప్పుడు రాజీ అంటే బలహీనుడు లొంగిపోవడమే అవుతుంది. కాబట్టి మాస్టారు ముందు ఆ పనిని ఆపాలి. "కుళాయి అందరిదీ, వాడు నీళ్ళు పట్టుకుంటాడు" అని జరిగిన పని గురించే మాట్లాడాలి గాని, "నీ బుద్ధే అంత" అని పిల్లవాడి పుట్టుక మీదికి పోకూడదు. దెబ్బతిన్నవాణ్ణి అందరి ముందూ "ఏం జరిగిందో చెప్పరా" అని నిలదీయకూడదు. తర్వాత విడిగా, ఎవరూ చూడని చోట మాట్లాడాలి. చేసినవాళ్ళతోనూ ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడాలి, గుంపుగా పిలిస్తే గుంపు బలంతోనే వస్తారు. బెత్తం తీస్తే నేర్పేది ఏమిటంటే, పెద్దవాడు చిన్నవాణ్ణి కొట్టవచ్చునని. అలాగని వదిలేయకూడదు. చేసిన నష్టానికి తగిన పని అప్పజెప్పాలి, ఇంటివారికి తెలియజేయాలి. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి దెబ్బతిన్నవాణ్ణి మళ్ళీ అడగాలి. ఈ చివరి పనిని ఎవరూ చేయరు. మా బ్యాచ్ వాడు సంక్రాంతికి రాకపోతే ఒక్కరు ఊరికి వెళ్ళి అడిగి ఉంటే సరిపోయేదేమో.

చుట్టూ నిలబడి చూసిన అయిదారుగురి సంగతి వేరే చెప్పాలి. ఫిన్లాండ్‌లో టుర్కు విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీనా సాల్మివల్లి 1996లో తన సహచరులతో కలిసి ప్రచురించిన పరిశోధనలో, వేధింపు జరిగే చోట ఇద్దరే ఉండరని చూపించింది. చేసేవాడికి చేతులు కలిపేవాళ్ళుంటారు, నవ్వి ఉత్సాహపరిచేవాళ్ళుంటారు, తమకెందుకులెమ్మని పక్కకు తప్పుకునేవాళ్ళుంటారు, అడ్డుపడేవాళ్ళు కొద్దిమంది ఉంటారు. ఆమె బృందం తయారుచేసిన కివా అనే కార్యక్రమాన్ని 2009 నుంచి ఫిన్లాండ్ అంతటా బడులకు విస్తరింపజేశారు. దాని ముఖ్యమైన గురి ఈ చూసేవాళ్ళే. నవ్వు ఆగిపోతే చేసేవాడికి సరదా ఉండదు. అందుకని అక్కడ ఉపాధ్యాయులు కొందరు మంచి పేరున్న పిల్లలను విడిగా పిలిచి, ఆ ఒంటరి పిల్లవాడికి తోడుగా ఉండమని చెబుతారు. చూసేవాడు వీరుడు కానక్కరలేదు, భోజనాల దగ్గర పక్కన కూర్చుంటే చాలు. గుడ్డు ఎవరి కోసమో మాకు తెలుసు. ఆ ఒక్క మాట మేము పైకి చెప్పి ఉంటే, "గుడ్డోడు" అన్న పేరు కనీసం మెస్సు దాటేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది. మా చేత ఆ మాట చెప్పించే పెద్దవాళ్ళు అప్పుడు లేరు. అది సాకు కాదు, జరిగింది చెబుతున్నాం.

అంగవైకల్యం ఉన్న పిల్లల విషయం ఒక్క పేరాలో తేలేది కాదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో మాటకు సంబంధించిన ఇబ్బందులు, చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా వంటివి బయటికి కనపడవు. వాటిని మనం "మొద్దు" అన్న ఒకే మాటతో పిలుస్తున్నాం. ఆడపిల్లల హాస్టళ్ళలో జరిగేవి అక్కలెవరైనా విడిగా రాస్తే బాగుంటుంది, మేము రాస్తే పైపైన ఉంటుంది.

చివరగా మన హాస్టల్. శిక్షణ అంటే బడి మాస్టార్లకే అనుకుంటాం. పిల్లవాడు బడిలో ఉండేది ఏడెనిమిది గంటలు, మిగతా కాలమంతా హాస్టల్లోనే. వార్డెన్, ట్యూటర్లు, వంటమనిషి, కామాటి, వాచ్‌మన్ - వీళ్ళంతా మనకు అధ్యాపకులే. ఎవరు ఎవరి బకెట్టు మోస్తున్నారో, ఎవరి కంచంలో కూర తగ్గుతోందో అందరికన్నా ముందు తెలిసేది కామాటికి. ఆయన్ని శిక్షణకు పిలిచినవారు ఉన్నారా? ఇంకొక మాట, తమ్ముళ్ళకి కోపం రావచ్చు. బడిలో మనల్ని "హాస్టలోళ్ళు" అన్నారని బాధపడ్డ మేమే, పదో తరగతికి వచ్చాక అయిదో తరగతి పిల్లల చేత బట్టలు ఉతికించుకున్నాం. మా అన్నలు మా చేత ఉతికించారు కాబట్టి అది మా హక్కనుకున్నాం.

మొన్న వేసవిలో బస్టాండులో మా బ్యాచ్ వాడు కనిపించాడు. సెంట్రింగ్ పనికి హైదరాబాదు పోతున్నాడు. టీ తాగాం. మేము ఆ మాట ఎత్తబోతే, వాడే "చెల్లి ఇప్పుడు ఎనిమిదిరా, హాస్టల్లోనే ఉంటంది" అన్నాడు. బస్సొచ్చింది.

వార్డెన్ గారితో మాట్లాడి మెస్సు గుమ్మం పక్కన ఒక తాళం పెట్టె పెట్టడానికి ఒప్పించాం. సంచికతో పాటు ఒక కాగితం మీ అందరికీ అందుతుంది. పేరు రాయవద్దు. ప్రశ్నలు ఇవి. గత రెండు నెలల్లో మీకు ఇష్టంలేని పేరుతో మిమ్మల్ని ఎవరైనా పిలిచారా, ఎన్నిసార్లు? ఎక్కడ - మెస్సు వరసలోనా, కుళాయి దగ్గరా, బాత్‌రూముల దగ్గరా, బడి దారిలోనా, తరగతిలోనా? పెద్దవాళ్ళెవరైనా ఆ పేరుతో పిలిచారా? ఎవరికైనా చెప్పారా, చెప్పాక ఏం జరిగింది? వేరొకరికి జరుగుతుంటే చూశారా, చూసి ఏం చేశారు? మీరు ఎవరికైనా పేరు పెట్టారా? పెట్టెకు రెండు తాళాలు, ఒకటి వార్డెన్ గారి దగ్గర, రెండోది ట్యూటర్ గారి దగ్గర ఉంటాయి, ఇద్దరూ ఉంటేనే తెరుస్తారు. కాగితాలు చదివాక అంకెలు మాత్రం నోటీసు బోర్డులో పెడతారు. ఆ లెక్క సంక్రాంతి సెలవులకు ముందే తీయాలని అడిగాం, వార్డెన్ గారు సరేనన్నారు.